చలి ఆపేదీ ఆపలేనిదీ

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం



భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు గారిని మనం ఎక్కువగా మందుల పేర్లతో తలుచుకుంటాం. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, బోదకాలుకి వాడే హెట్రజాన్. ఆ వరస ఎంత గొప్పదంటే, అంతకుముందు ఆయన చేసిన పని దాని వెనక మరుగున పడిపోయింది. 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరంలోంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, మనం ఏటీపీ అంటున్నది. ఆ ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పదార్థాన్ని కనుగొన్నారు. ఇంకా వెనక్కి, 1925లో, ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావులు ప్రచురించారు. కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలోని చాలా ప్రయోగశాలలు దాని మీదే ఆధారపడ్డాయి. కణంలో శక్తి ఎంత మిగిలిందని లెక్క చూడటం మనకు చేతనయిందంటే అందులో ఆయన చేయి ఉంది.

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ ఏటీపీ తరిగిపోవడం గురించే. దాత శరీరంలోంచి తీసిన కాలేయం, మరొకరి ఒంట్లో మళ్లీ రక్తం అందుకునే దాకా ఐస్ పెట్టెలో గడిపే గంటల గురించి. నేను సర్జన్‌ని కాను, పాథాలజిస్టుని. కాలేయం ముక్కని గాజు పలక మీద చూసేవాణ్ణి. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడటం నా పని. అలా చూస్తూ చూస్తూ నాలో గట్టిపడ్డ అభిప్రాయం ఒకటుంది. మార్పిడి తర్వాత కాలేయంలో కనిపించే గాయం, రక్తం తిరిగి పారిన తర్వాతే బయటపడుతుంది. అందుకని దాన్ని ఆపరేషన్ ఖాతాలో వేస్తాం. కానీ ఆ గాయం ఎంత ఉండబోతోందో చాలావరకు అంతకుముందే, పెట్టె మూత వేసి ఉన్నప్పుడే, నిర్ణయమైపోతుంది. ఆ గంటల్ని రవాణా అనుకోవడం పొరపాటు. అవి చికిత్సలో భాగం.

మామూలుగా కాలేయానికి నిమిషానికి లీటరున్నర దాకా రక్తం వస్తుంది. అందులో ముప్పావు వంతు పేగుల నుంచి ద్వారసిర తెస్తే, మిగిలింది కాలేయ ధమని తెస్తుంది. దాత మహాధమనికి క్లాంప్ పడి, చల్లని ద్రవం లోపలికి పారడం మొదలైన నిమిషాన ఈ ప్రవాహం ఆగిపోతుంది. గడియారం అక్కడ మొదలవుతుంది. ఒంటి వేడిమి దగ్గరే ఇలా రక్తం ఆగిపోతే కాలేయం ఎంతోసేపు నిలవదు. 4 డిగ్రీలకు దించితే దాని జీవక్రియ దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ప్రతి 10 డిగ్రీలకీ ఎంజైముల వేగం సగమో, సగానికి కాస్త పైనో అవుతూ వస్తుంది కాబట్టి ఈ లెక్క. నిమిషాల్లో జరగాల్సిన చేటు గంటల మీదికి జరుగుతుంది. ఒక ఊళ్లో దాత, ఇంకో ఊళ్లో గ్రహీత ఉన్నా మార్పిడి సాధ్యమైందంటే ఈ ఒక్క సదుపాయం వల్లే. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే పదో వంతు అంటే సున్నా కాదు. ఆక్సిజన్ లేదు, ఆ పదో వంతు ఖర్చుకి కూడా రాబడి లేదు. కొద్ది గంటల్లోనే కణంలోని ఏటీపీ చాలావరకు హరించుకుపోతుంది.

కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టేది కణపొరలోని పంపు. అది ఏటీపీ ఉంటేనే తిరుగుతుంది. చలి దాన్ని మందగింపజేస్తుంది, శక్తి లేమి ఆపేస్తుంది. అప్పుడు సోడియం లోపలికొస్తుంది, దాని వెంట క్లోరైడ్, వాటి వెంట నీరు. పల్లపు చేలల్లో ముంపు నీరు తోడే మోటారుకి కరెంటు పోతే ఎలా ఉంటుందో మన డెల్టా రైతుకి తెలుసు. ఎవరూ గండి కొట్టనక్కర్లేదు, చేను దానంతటదే మునుగుతుంది. కణమూ అలాగే ఉబ్బుతుంది. దీనికి తోడు చలి స్వయంగా చేసే చెరుపు ఇంకొకటుంది. జర్మనీలోని ఎస్సెన్‌లో ఉర్సులా రావెన్, హెర్బర్ట్ డి గ్రూట్‌లు చూపించినదేమంటే, ఆక్సిజన్ అందుతున్నా సరే, చల్లబడ్డ కాలేయ కణాల్లో ఇనుము తన కట్టు విడిపించుకుని పొరల్ని తినేసే రసాయన చర్యల్ని రేపుతుంది. చలిని ఒక రకమైన నిద్రగా ఊహించుకునేవారికి ఇది మింగుడుపడని సంగతి.

ఇక ఏటీపీ ఏమవుతుంది? ఒక్కొక్క ఫాస్ఫేట్ ఊడి అడినోసిన్‌గా, ఇనోసిన్‌గా, చివరికి హైపోజాంథిన్‌గా మారి పోగుపడుతుంది. మైటోకాండ్రియాలో మరో పదార్థం, సక్సినేట్, గుట్టపడుతుంది. రక్తం ఆగినంతసేపూ ఈ రెండూ పెద్దగా హాని చెయ్యవు. ఎదురుచూస్తుంటాయి. క్లాంప్ తీసి వెచ్చని రక్తం వదిలాక, ఆక్సిజన్ అందిన తొలి నిమిషాల్లోనే కథ మారుతుంది. హైపోజాంథిన్ మీద జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పనిచేసి సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. 1981లో గ్రేంజర్, మెక్‌కార్డ్‌లు ఈ వాదన ముందుకు తెచ్చినప్పుడు, రక్తం తిరిగి రావడమే గాయం చేయగలదన్న మాట చాలామందికి వింతగా తోచింది. సక్సినేట్ వంతు ఇంకా ఆలస్యంగా తెలిసింది. 2014లో కేంబ్రిడ్జ్‌కి చెందిన మైకేల్ మర్ఫీ, థామస్ క్రీగ్‌ల బృందం ఎలుకల గుండెలో, కాలేయంలో, మూత్రపిండంలో, మెదడులో దాని పోగును చూపించింది. పేరుకున్న సక్సినేట్ ఒక్క ఊపున మండుతుంది, ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియాలో ఎదురు దిశగా ప్రవహిస్తాయి, మొదటి కాంప్లెక్స్ దగ్గర ఆక్సిజన్ రాడికల్స్ వెల్లువెత్తుతాయి. ఈ వెల్లువ ఎంతన్నది రక్తం రాకముందు ఎంత సక్సినేట్ పోగుపడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను ఇందాక చెప్పిన అభిప్రాయానికి రసాయనంలో ఆధారం ఇదే.

మొదట దెబ్బ తగిలేది ఎవరికి? కాలేయ కణానికే అనుకోవడం సహజం. వేడిమి దగ్గర రక్తం ఆగితే నిజంగానే ముందు చచ్చేది అదే. చలిలో ఆగితే మాత్రం లెక్క తిరగబడుతుంది. 1988లో నార్త్ కరోలినాలోని లెమాస్టర్స్ బృందం ఎలుక కాలేయాల్ని చల్లగా నిలవచేసి, మళ్లీ ప్రవాహం ఇచ్చి చూస్తే, కాలేయ కణాలు చాలావరకు బతికే ఉన్నాయి. చచ్చింది సూక్ష్మ రక్తమార్గాలకు లోపలి పూతగా ఉండే ఎండోథీలియల్ కణాలు. అవి చలిలో గుండ్రంగా ముడుచుకుంటాయి, గోడ విడిచి ఊడతాయి. ఊడిన చోట ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు అతుక్కుంటాయి. దారి సన్నబడి, పైన ధమనిలో రక్తం బాగానే పారుతున్నా లోపల మూలమూలకీ అందదు. అక్కడే కాపలా ఉండే కుప్ఫర్ కణాలు తొలి గంటల్లో రేగి వాపు రేపే సంకేతాల్ని విడుదల చేస్తాయి. ఆ తర్వాత, ఆరు గంటలకి అటుగా, న్యూట్రోఫిల్స్ గుంపులుగా దిగుతాయి. ఇక వాపు తన దారిన తాను పెరుగుతుంది. దెబ్బతిన్న కాలేయాన్ని గ్రహీత రోగనిరోధక వ్యవస్థ కూడా త్వరగా పరాయిదిగా పసిగడుతుంది.

పిత్తనాళాల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ గాయం నెలల తర్వాత బయటపడుతుంది. కాలేయ కణానికి రెండు వైపుల నుంచి రక్తం అందుతుంది. పిత్తనాళానికి ధమని ఒక్కటే దిక్కు. దాని చుట్టూ అల్లుకున్న సన్నని నాళాల వల చలిలో దెబ్బతింటే, గడ్డకట్టిన రక్తం అందులో నిలిచిపోతే, నాళం లోపలి పొర రాలిపోతుంది. మూడో నెలలోనో ఆరో నెలలోనో గ్రహీతకి కామెర్లు, చలిజ్వరం. స్కాన్‌లో కాలేయం లోపలి పిత్తనాళాలు అక్కడక్కడ నొక్కుకుపోయి కనిపిస్తాయి. కొందరికి మళ్లీ మార్పిడి తప్ప మార్గముండదు. పెట్టెలో గడిచిన ఆ గంటల్ని అప్పటికి అందరూ మరిచిపోయి ఉంటారు.

చల్లని గంటల్లో తగిలే ఈ దెబ్బతో మనిషి చేసిన పోరాటం ఎక్కువగా ద్రవాల మీదుగా నడిచింది. 1963 మార్చి 1న డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి తొలిసారి కాలేయం మార్చే ప్రయత్నం చేశారు. గ్రహీత అయిన పసివాడు బల్ల మీదే పోయాడు. నెలల తరబడి బతికిన తొలి గ్రహీత 1967లో గానీ రాలేదు. అప్పట్లో కాలేయాన్ని చల్లబరచడమంటే చల్లని సెలైన్ లాంటి ద్రవాన్ని ద్వారసిరలోకి పంపడమే. 1969లో లాస్ ఏంజెలెస్‌లో జెఫ్రీ కాలిన్స్ ఒక చిన్న ఆలోచన చేశాడు. పంపు ఆగితే పొటాషియం బయటికి కారిపోతుంది కదా, బయటి ద్రవంలోనే పొటాషియం ఎక్కువగా పెడితే సరి! మూత్రపిండాలకి ఆ ద్రవం బాగా కుదిరింది. కాలేయానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటల్ని మించి ధైర్యం ఇవ్వలేదు. కాబట్టి ఆపరేషన్లన్నీ పరుగుపందెంలా జరిగేవి. దాత ఊరికి ఒక బృందం, గ్రహీత దగ్గర ఒక బృందం, రెండూ నిద్రమానుకుని గడియారంతో కొట్లాడేవి.

దాన్ని మార్చింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సౌతార్డ్. బెల్జర్ సర్జన్, సౌతార్డ్ జీవరసాయనవేత్త. ఈ జోడీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాళ్లు ఒక్కొక్క చేటునీ విడిగా తీసుకుని, దానికొక విరుగుడు వెతికారు. నీరు లోపలికి లాగకుండా, కణంలోకి దూరలేని పెద్ద అణువు లాక్టోబయోనేట్ పెట్టారు. చిక్కుళ్లలో, పప్పుగింజల్లో ఉండే రాఫినోజ్ అనే చక్కెర పెట్టారు. రక్తమార్గాల బయటికి ద్రవం ఊరకుండా స్టార్చ్ కలిపారు. రాడికల్స్‌ని అణచడానికి గ్లూటాథయోన్. తిరిగి ఏటీపీ కట్టుకోవడానికి ముడిసరుకుగా అడినోసిన్. జాంథిన్ ఆక్సిడేజ్‌ని అడ్డుకోవడానికి అల్లోప్యూరినాల్. 1987లో ఆ ద్రవం మనుషుల కాలేయాలకి వాడారు. నిలవ కాలం పన్నెండు గంటలు, అవసరమైతే ఇంకా పైకి పోయింది. మార్పిడి శస్త్రచికిత్స తీరే మారిపోయింది. తర్వాత దీన్లో లోపాలూ తెలిశాయి. ద్రవం చిక్కన, సన్నని దారుల్లో నెమ్మదిగా పారుతుంది. స్టార్చ్ ఎర్రకణాల్ని గుంపు కట్టిస్తుంది. జర్మనీలో బ్రెట్‌ష్నైడర్ గుండె ఆపరేషన్ల కోసం తయారుచేసిన హిస్టిడిన్ ద్రవం పలచన, పొటాషియం తక్కువ. దాన్ని ఇష్టపడే సర్జన్లు చాలామంది ఉన్నారు. తక్కువ గంటలకి రెండూ సమానమే. గంటలు పెరిగే కొద్దీ విస్కాన్సిన్ ద్రవం వైపు మొగ్గడం సబబని నా అభిప్రాయం.

అల్లోప్యూరినాల్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోలేను. దాన్ని మందుగా మలిచింది జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్. 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నవారు. ఈ హిచింగ్స్ హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసింది ఫిస్కే ప్రయోగశాలలో, సుబ్బారావు గారు అక్కడ పనిచేస్తున్న రోజుల్లోనే. ఏటీపీని వేరుచేసిన గదిలో చదువుకున్నవాడు, ఏటీపీ విరిగిపోగా మిగిలిన హైపోజాంథిన్ విషంగా మారకుండా ఆపే మందు కనిపెట్టాడు. ఆ మందు ఇప్పుడు కాలేయం నానే సంచిలో ఉంటుంది. ఈ సభ సుబ్బారావు గారి పేరిట జరుగుతుంటే ఈ విషయాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం ఇది.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లోకి రండి. విస్కాన్సిన్ ద్రవంలో పొటాషియం లీటరుకి 125 మిల్లీమోల్స్ దగ్గర ఉంటుంది, మన రక్తంలో ఉండేది 5 లోపు. కడగకుండా వదిలితే ఆ ద్రవం నేరుగా గుండెకి చేరి దాన్ని ఆపగలదు. అందుకని క్లాంపులు తీసే ముందు కాలేయాన్ని కడుగుతారు. అయినా తీసిన ఐదు నిమిషాల్లోపు కొందరిలో రక్తపోటు 30 శాతానికి పైగా పడిపోయి నిమిషానికి పైగా అలాగే ఉంటుంది. చల్లని రక్తం, ఆమ్లం, పొటాషియం, వాపు రేపే సంకేతాలు అన్నీ ఒక్కసారి గుండెని చేరతాయి. మా అనస్థీషియా మిత్రులు ఊపిరి బిగబట్టే ఘడియ అది. ఆ తర్వాత రోజుల్లో రక్తపరీక్ష చూసుకుంటాం. కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీలలో ఏదైనా మొదటి వారంలో 2000 దాటినా, ఏడో రోజున బిలిరుబిన్ 10 మిల్లీగ్రాములు చేరినా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.6 చేరినా ఆ కాలేయం తొలి దశలో తడబడుతున్నట్టు లెక్క. 2010లో ఓల్తాఫ్ బృందం ఇచ్చిన కొలమానం ఇది. చాలా కాలేయాలు తడబడి నిలదొక్కుకుంటాయి. కొన్ని అసలు పని మొదలుపెట్టవు. అప్పుడు రోజుల్లో ఇంకో కాలేయం దొరకాలి, లేదంటే మనిషి దక్కడు.

స్లైడు మీద నాకు కనిపించేది ఇలా ఉంటుంది. కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలు బుడగల్లా ఉబ్బి, పాలిపోయి ఉంటాయి. సన్నని పిత్తకాలువల్లో పసుపుపచ్చ ముద్దలు ఆగిపోయి ఉంటాయి. అక్కడక్కడ ఎర్రగా ముడుచుకుపోయి విడివిడిగా చచ్చిన కణాలు, వాటి దగ్గర న్యూట్రోఫిల్స్ గుంపు. దీన్ని తిరస్కరణతో పొరబడితే గ్రహీతకి అక్కర్లేని స్టెరాయిడ్లు పడతాయి. అందుకే బయాప్సీ ఫారం మీద చల్లని గంటలెన్నో రాసి పంపమని సర్జన్లని బతిమాలుతుంటాను. ఆ ఒక్క సంఖ్య ఉంటే నా రిపోర్టు మారుతుంది.

ఇక కొవ్వు పట్టిన కాలేయం. మన దేశంలో పెద్దవాళ్లలో మూడో వంతుకి పైగా ఫ్యాటీ లివర్ ఉందని పరిశోధనల క్రోడీకరణలు చెబుతున్నాయి. కాబట్టి దాతల కాలేయాల్లోనూ అది ఉంటుంది. పెద్ద కొవ్వు బొట్లు కణాన్ని లావెక్కించి పక్కనున్న రక్తమార్గాన్ని ముందే నొక్కేస్తాయి. మైటోకాండ్రియా ముందే అలసి ఉంటాయి. రాడికల్స్ తగలబెట్టడానికి కొవ్వు సిద్ధంగా ఉంటుంది. కొవ్వు లేని కాలేయం పది గంటలు భరిస్తే, ఇది ఆరు గంటలకే చేతులెత్తేయొచ్చు. కణాల్లో మూడో వంతు దాటి పెద్ద బొట్లుంటే జాగ్రత్తగా వాడతారు, అరవై శాతం దాటితే చాలామంది వదిలేస్తారు. ఆ శాతం చెప్పాల్సింది మేము. అర్ధరాత్రి ముక్క వస్తుంది, గడ్డకట్టించి కోసి చూడాలి. ముక్కని సెలైన్‌లో వేసి పంపితే కణాలు పాడవుతాయి, గడ్డకట్టించినప్పుడు ఏర్పడే మంచు ఖాళీలు కొవ్వులా భ్రమ పెడతాయి. ఒకే స్లైడుకి ఇద్దరు పాథాలజిస్టులు వేరు వేరు శాతాలు చెప్పడం మామూలే. పైగా మేము చూస్తున్నంతసేపూ ఆ కాలేయం ఐస్‌లోనే ఉంటుంది. మేము ఆలోచించుకునే ప్రతి నిమిషమూ చల్లని గంటల్లో కలుస్తుంది. యువ పాథాలజిస్టులు ఈ పనిని అదనపు భారంగా చూడకూడదని నా కోరిక. ఆ రాత్రి రోగి ప్రాణంలో మన వాటా ఇదే.

అమెరికాలో 2006లో ఫెంగ్ బృందం లెక్కగట్టిన దాత ప్రమాద సూచికలో ఒక్కో చల్లని గంటకి కాలేయం విఫలమయ్యే ముప్పు సుమారు 1 శాతం చొప్పున పెరుగుతుంది. ఇది విని తేలిగ్గా తీసుకోవద్దు. అది అన్ని రకాల కాలేయాల సగటు. దాత వయసు మీరినప్పుడు, కొవ్వున్నప్పుడు, గుండె ఆగిన తర్వాత తీసినప్పుడు ఆ గంట విలువ ఒకటి కాదు.

మన దగ్గర పరిస్థితి కొంత భిన్నం. దేశంలో జరిగే కాలేయ మార్పిడుల్లో అత్యధికం బతికున్న దాతల నుంచి, అంటే తల్లో తండ్రో, భార్యో కొడుకో ఇచ్చినవి. పక్కపక్క థియేటర్లలో పని. చల్లని సమయం గంటో రెండు గంటలో. గాయమూ తక్కువ. కానీ ఆరోగ్యవంతుడైన మనిషి కడుపు కోయాల్సి వస్తోంది. బ్రెయిన్ డెడ్ దాతల నుంచి వచ్చేవి పెరిగితేనే ఆ భారం తగ్గుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైన జీవన్‌దాన్ అవయవదాన పథకం ఈ పని నడిపింది. రాష్ట్రం విడిపోయాక రెండు వైపులా కొనసాగుతోంది. అవయవదానంలో తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉంది.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించాలి. చట్ట ప్రకారం నలుగురు వైద్యులు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్ ధ్రువీకరిస్తారు. బంధువులు అంగీకరించాలి. ప్రమాదమైతే పోలీసు కాగితాలు కావాలి. అవయవదానం కోసం పోస్ట్‌మార్టం రాత్రిళ్లు కూడా చేయొచ్చని 2021లో కేంద్రం అనుమతించింది. పరీక్షలకి, అంగీకారానికి, కాగితాలకి పట్టే గంటలన్నీ క్లాంప్ పడక ముందువి. వీటిని తొందరపెట్టక్కర్లేదు. ఆ కుటుంబానికి ఏడవడానికి, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వాలి. ఆ వేళలో కాలేయానికి రక్తం అందుతూనే ఉంటుంది. తొందరపడాల్సింది క్లాంప్ పడ్డాక. అప్పుడు పోయే సమయం ఎక్కడ పోతోందో చూస్తే రోడ్డు మీద కొంతే. పోలీసులు ఇచ్చే గ్రీన్ ఛానల్‌ని మనం టీవీలో చూస్తాం. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి ఒక గుండెని 13 నిమిషాల్లో చేర్చింది. అది మెచ్చుకోవాల్సిన పనే. గుండెకి ఉన్న గడువు నాలుగు నుంచి ఆరు గంటలే కాబట్టి అక్కడ ప్రతి నిమిషమూ రోడ్డు మీదే తేలుతుంది. కాలేయానికి మాత్రం ఎక్కువ సమయం ఆసుపత్రి గోడల మధ్యే ఖర్చవుతుంది. గ్రహీతని పిలిపించడంలో, పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుపోయిన కడుపులోంచి రోగపు కాలేయాన్ని తియ్యడంలో, బల్ల మీద కొత్తదాన్ని సిద్ధం చెయ్యడంలో. సైరన్ మోగని ఈ గంటల్ని తగ్గించడానికి కావాల్సింది రెండు బృందాల మధ్య ఫోన్‌లో స్పష్టమైన మాట. కాలేయాన్ని మూడు సంచుల్లో పెట్టి, ఐస్ నేరుగా తగలకుండా సర్దాలన్నది కూడా ఈ శ్రద్ధలో భాగమే. ఐస్ తగిలిన చోట కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది.

కాలేయాన్ని నిలవచేసే యంత్రాల గురించి యువకులు అడుగుతారని తెలుసు. చల్లని ద్రవంలో ఊరికే ఉంచకుండా, ఆక్సిజన్ కలిపిన ద్రవాన్ని కాలేయం గుండా నడపడం ఒక మార్గం. జూరిక్‌లో డట్‌కోవ్‌స్కీ, నెదర్లాండ్స్‌లో పోర్టే బృందాలు ఈ దారిన వెళ్లాయి. రక్తం తగలక ముందే చలిలో ఆక్సిజన్ అందితే పోగుపడిన సక్సినేట్ నెమ్మదిగా కరుగుతుంది, ఏటీపీ తిరిగి కూడుతుంది. గుండె ఆగాక తీసిన కాలేయాలతో, 156 మంది గ్రహీతల మీద జరిగి 2021లో అచ్చయిన డచ్ నాయకత్వపు పరీక్షలో, పిత్తనాళాలు నొక్కుకుపోవడం 18 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మకం కలిగించిన ఫలితం ఇది. ఎందుకంటే యంత్రం ఏం చేస్తుందని రసాయనం ముందే చెప్పిందో అదే రోగి ఒంట్లో కనిపించింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లది రెండో మార్గం. ఒంటి వేడిమి దగ్గరే రక్తంతో కాలేయాన్ని నడుపుతారు. అది పిత్తం ఊరిస్తుందో లేదో, లాక్టేట్ తగ్గిస్తుందో లేదో చూసి వాడాలా వద్దా తేలుస్తారు. 2018లో వచ్చిన వాళ్ల పరీక్షలో ఏఎస్‌టీతో కొలిచిన గాయం సగానికి తగ్గింది, పారేసిన కాలేయాలూ సగానికి తగ్గాయి. గ్రహీతల బతుకుదలలో మాత్రం తేడా తేలలేదు. దాన్ని దాచకుండా చెప్పినందుకు వాళ్లని గౌరవిస్తాను. జూరిక్ వాళ్లే మూడు రోజులు యంత్రం మీద ఉంచిన కాలేయాన్ని 2021లో ఒక రోగికి అమర్చారు. బోస్టన్‌లో కాలేయాన్ని సున్నాకి దిగువన 4 డిగ్రీల దగ్గర గడ్డకట్టకుండా నిలవచేసి చూశారు. ఇవన్నీ ఖరీదైన దారులు. మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రులకి ఇవి అందే లోపల మామూలు ఐస్ పెట్టెని సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవాలి. యంత్రం వచ్చినా, దాన్ని ఎవరికి వాడాలో నిర్ణయించడానికి మన కాలేయాల మీద మన లెక్కలు కావాలి. మన దాతలు వేరు, మన ఫ్యాటీ లివర్ వేరు. బయటి దేశాల కాలేయాల లెక్కలతో మన గడువులు పెట్టుకుంటున్నాం.

అందుకని ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. మార్పిడి చేసిన ప్రతి కాలేయం బయాప్సీతో పాటు ఆరు విషయాలు రాసి పంపే ఒక ఫారం తయారుచేశాను. దాతకి క్లాంప్ పడిన సమయం, ఐస్‌లోంచి తీసిన సమయం, రక్తం వదిలిన సమయం, వాడిన ద్రవం, పెట్టెలోని ఉష్ణోగ్రత, కొవ్వు శాతం. ఐస్‌లోంచి తీసినదానికీ రక్తం వదిలినదానికీ మధ్య కుట్లు వేసే సమయాన్ని విడిగా అడిగాను. అప్పుడు కాలేయం వేడెక్కుతూ ఉంటుంది, రక్తం మాత్రం ఉండదు. ఆ నిమిషాలు చల్లని గంటల్లో కలిపేస్తే మనకేమీ తెలియదు. ఫారం నమూనాలు బయట బల్ల మీద ఉన్నాయి. మీ ఆసుపత్రులకి తీసుకెళ్లండి, వాడి చూడండి, ఏ గడి అక్కర్లేదో ఏది చేర్చాలో నాకు రాయండి.